ఎవరూ తాకని రాయి

సముద్రం అడుగున తవ్వుతున్న బావిలోంచి బురదతో పాటు పైకొచ్చిన రాతిపొడిని జల్లెడలో పోసి, కొళాయి కింద పెట్టి, వేళ్లతో మెల్లగా కలియబెడుతున్నాడు అతను. ముప్పై ఏళ్లుగా ఇదే పని. అరచేతుల చర్మం నీళ్లకు నాని తెల్లగా ముడుచుకుపోయింది. ఓడలో అందరూ అతన్ని జల్లెడ అనే పిలుస్తారు, అతనూ పలుకుతాడు.

ఈ సముద్రంలో ఇంతకుముందు ఎవరూ బావి తవ్వలేదు. ముడినూనె ఉండవచ్చన్న రాతిపొర దగ్గరపడగానే ఓడలో ఫోన్లన్నీ ఆపేశారు. సంగతి బయటికి పొక్కితే పోటీ కంపెనీలు చుట్టుపక్కల సముద్రమంతా ముందే కొనేసుకుంటాయట. కొనుక్కోనీ. జల్లెడకు కావలసిన కబురు వేరే ఉంది. అక్క గుండెకు ఆపరేషన్ అయిందా, అయితే కళ్లు తెరిచిందా, అంతే.

అమ్మ పోయేనాటికి అతను పాకుతున్నాడు. చంకనేసుకుని పెంచింది అక్కే. పెళ్లయ్యాక బావను ఒప్పించి తమ్ముణ్ణి వెంటబెట్టుకునే కాపురానికి వెళ్లింది. పెళ్లీ పెటాకులూ లేని అతనికి ఇప్పటికీ ఇల్లంటే అక్క ఇంట్లో కిటికీ పక్క మంచమే.

బయల్దేరిన రోజు కూడా నవ్వించింది. "ఇసుకలోంచి నూనె పిండుతామంటే జీతాలిచ్చేవాళ్లున్నారురా! అదృష్టం నీది," అంటూ పాత పూల దుప్పటి ముక్కతో కుట్టిన చిన్న సంచి చేతిలో పెట్టింది. "లోకం పుట్టాక ఎవరూ తాకని రాళ్లన్నావుగా, నాకొకటి పట్రా. నాకంటే ముందు ఎవరూ ముట్టుకోకూడదు సుమా."

రాయి బయటికి తీసుకెళ్తే ఉద్యోగం ఊడుతుంది. ఆ మాట అక్కకు చెప్పలేదు. సరేనన్నాడు.

మధ్యాహ్నం, ఆరిన పొడిని నీలం దీపం కింద పెట్టుకుని రాళ్లను పరీక్షించే ఆఫీసరు చాలాసేపు చూశాడు. నూనె ఉంటే పసుపుగా మెరవాలి. మెరవలేదు.

"కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు. మనకి ఎలుక కూడా దొరకలేదు," అని కుర్చీలో కూలబడ్డాడు. "బావి మూసెయ్యమన్నారు. ఫోన్లు తెరుస్తారులే."

"సార్, ఒక్క ముక్క తీసుకోనా? మా అక్కకి."

"బస్తాడు తీసుకో. ఇంక దాచడానికేముంది?"

బావిలోంచి ఆఖరుగా వచ్చిన పొడిలో గోరంత ముక్క కనబడింది. దాన్ని చెంచాతోనే తీశాడు, చెంచాలోనే కడిగాడు, వేలు తగలకుండా సంచిలో జారవిడిచాడు. ఇన్నేళ్లలో అతను ముట్టుకోని రాయి అదొక్కటే. సంచిని బల్ల మీద పెట్టి ఫోను దగ్గరికి పరుగెత్తాడు.

బావ ఎత్తాడు.

"అక్కకివ్వు బావా."



"మొన్న పొద్దున పోయిందిరా. ఆపరేషన్ బాగానే అయింది, ఆ తర్వాతే... మీ ఆఫీసుకి చెప్పాను, నీకు అందిస్తామన్నారు. అన్నీ అయిపోయాయి. నువ్వు చేస్తావని ఫోను దిండు కిందే పెట్టుకుందిరా."

లేని నూనెను దాచడానికి కంపెనీవాళ్లు అక్క ఆఖరి మాటను అతనికి దక్కనివ్వలేదు. "రాయి దొరికింది బావా," అన్నాడు. ఫోను కోసం వెనక వరుసలో నిలబడ్డవాళ్లు తలలు దించుకున్నారు.

బల్ల మీద జల్లెడ పక్కన పూలగుడ్డ సంచి తడి ఆరుతూ ఉంది, లోపలి రాయిని ఇంకా ఎవరూ తాకలేదు.