ఉప్పు మాట

రెడ్డిగూడెం చుట్టుపక్కల ఎవరింట్లో మనిషి పోయినా కనకమ్మకు కబురు వెళ్ళేది. ఆమెకు ఆస్తి లేదు, చదువు లేదు, చూడ్డానికి మనిషి కూడా అంతంత మాత్రం. దేవుడిచ్చింది ఒక్కటే, ఏడుపు. శవం కాళ్ళ దగ్గర కూర్చుని, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని సన్నగా రాగం అందుకుందంటే పోయినవాళ్ళ బతుకంతా మాటలై వచ్చేది. తిన్న కూర, కట్టిన చీర, తిట్టిన తిట్టు, ఏదీ వదిలేది కాదు. పొలం గట్టు దగ్గర కొట్టుకుని మాటలు మానేసిన అన్నదమ్ములు కూడా ఆ రాగం వింటే ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చేవారు.

"నేను పోయినప్పుడు నువ్వే ఏడవాలే కనకమ్మా. నా కోడలికి కళ్ళు తుడుచుకోవడం కూడా సరిగ్గా రాదు," అనేది నాగేశ్వరమ్మ. ముప్పై ఎకరాల మామిడితోట ఆసామి శ్రీమన్నారాయణకు ఆవిడ తల్లి. కనకమ్మ, ఆమె మొగుడు మల్లయ్య ఆ తోటలోనే కూలిపని చేసేవారు.

ఎనభై అయిదు వేసవిలో ఆ ఏడుపు సొంతింటికే కావలసి వచ్చింది. ఆ రోజు పొద్దున మల్లయ్య వంకాయ కూర నోట్లో పెట్టుకుని, "ఉప్పు లేదేంటే?" అన్నాడు. "డబ్బా ఖాళీ. తింటే తిను, లేకపోతే పో," అంది కనకమ్మ. అతను సగం అన్నం కంచంలోనే వదిలేసి, కాయలు కోసే చిక్కం భుజాన వేసుకుని తోటకు పోయాడు. పదిగంటలకు పెద్దరసం చెట్టు కొమ్మ విరిగింది. కనకమ్మ కొట్లో ఉప్పు పొట్లం కట్టించుకుంటుంటే కబురొచ్చింది. పొట్లం చేత్తో పట్టుకునే పరిగెత్తింది.

"కూరలో ఉప్పు లేదన్నావు కదా మావో! ఉప్పు తెచ్చేలోపే ఎల్లిపోతివి కదా మావో! ఉప్పు నా చేతిలోనే ఉంది మావో, కూరెవరికి కలపను మావో!"

అది పాట కాదు, పద్యం కాదు. కట్టుకున్నవాణ్ణి సగం కడుపుతో చెట్టెక్కించానని ఊరందరి ముందూ తప్పు ఒప్పుకోవడం. విన్నవాళ్ళు తలలు దించుకున్నారు. ఆ తర్వాత మూడు రోజులు ఆమె మెతుకు ముట్టలేదు. మూడోనాడు నాగేశ్వరమ్మ మోకాళ్ళ నొప్పులతో కుంటుకుంటూ ఆ గుడిసెకు వచ్చింది. మజ్జిగన్నంలో తన చేత్తో ఉప్పేసి కలిపి, ముద్ద చేసి కనకమ్మ నోట్లో పెట్టింది.

"తినవే. వాడు నీ ఉప్పు వల్ల పోలేదు. కొమ్మ విరిగి పోయాడు."

పెద్దింటావిడ కూలివాళ్ళ గుడిసెకు వచ్చి అన్నం తినిపించడం ఆ ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. కొన ఊపిరి ఉన్నంతవరకూ ఆ చెయ్యి మర్చిపోకూడదనుకుంది కనకమ్మ.

మరుసటేడు మామిడికాయల కోతలప్పుడు శ్రీమన్నారాయణ స్నేహితుడు తిరుపతిరావు తోటకు వచ్చాడు. బెజవాడ మనిషి. మిమిక్రీ చేసి జనాన్ని నవ్వించడం అతని వృత్తి. శ్రీమన్నారాయణ అతన్ని వెంటబెట్టుకుని కనకమ్మ దగ్గరికి వచ్చాడు.

"కనకమ్మా, మల్లయ్య సంగతి చెప్తే మావాడు చాలా బాధపడ్డాడు. నిన్ను పలకరించి వెళ్తానన్నాడు."

పలకరింపుకు మనిషి వచ్చినప్పుడు ఏడవడం మావైపు ఆచారం. ఏడాది తర్వాత వచ్చినా సరే, వాళ్ళను చూసి రాగం తీయాలి. తీయకపోతే చచ్చినవాణ్ణి అప్పుడే మర్చిపోయిందంటారు. పైగా ప్యాంటు వేసుకున్న పెద్దమనిషి తన కోసం ఎండుటాకుల మీద గొంతుక్కూర్చున్నాడు. అంతకన్నా గౌరవం ఏముంటుంది? కనకమ్మ మొదటినుంచి చివరిదాకా ఏడ్చింది.

"ఆ ఉప్పు మాట ఇంకోసారి అనమ్మా," అన్నాడు తిరుపతిరావు. దుఃఖంలో సరిగ్గా వినపడలేదేమోనని ఆమె ఇంకోసారి అంది. అతను కర్చీఫుతో కళ్ళు ఒత్తుకున్నాడు. వెళ్తూ వెళ్తూ బుట్టెడు చిన్నరసాలు కారులో పెట్టించుకున్నాడు.

కోతలు అయిపోయాక బెజవాడ స్టేడియంలో సంగీత విభావరి పెట్టారు. మద్రాసు ఆర్కెస్ట్రా, మధ్యమధ్యలో హాస్యం. తిరుపతిరావు పాసులు పంపితే శ్రీమన్నారాయణ ధర్మప్రభువులా కూలీలను కూడా మామిడికాయల లారీలో ఎక్కించాడు. వాళ్ళను గ్యాలరీ మెట్ల మీదకు తోలి, తన వాళ్ళను ముందు కుర్చీల్లో కూర్చోబెట్టాడు. నాగేశ్వరమ్మను పట్టుకుని నడిపించే మనిషి కావాలి కనుక కనకమ్మ కూడా ముందుకు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర చతికిలబడింది.

పదిహేను వేలమంది జనమట. డ్రమ్ములు మోగితే కూర్చున్న నేల అదిరింది. తళుకుల చీర కట్టుకున్న అమ్మాయి మైకు పట్టుకుని పాడుతుంటే, మల్లయ్య ఉంటే ఎంత బాగుండేదో అనుకుంది కనకమ్మ. పాట వినపడితే చేతిలో పని మర్చిపోయే మనిషి అతను.

తర్వాత తిరుపతిరావు వచ్చాడు. రైలింజను కూత వేశాడు, వీధికుక్కల కొట్లాట పెట్టాడు, రేడియో వార్తలు చదివాడు. కనకమ్మ కూడా పడీపడీ నవ్వింది. "ఆ బాబు నన్ను పలకరించడానికి మా తోటకొచ్చారండీ," అని పక్కన కూర్చున్న ఎవరో ఆవిడతో గొప్పగా చెప్పింది.

"ఇప్పుడు మన పల్లెటూళ్ళో మొగుడు చచ్చిన ఆడది ఎలా ఏడుస్తుందో చూద్దామా!" అన్నాడు తిరుపతిరావు. తువ్వాలు నెత్తిమీద కొంగులా కప్పుకుని స్టేజీ మీద కాళ్ళు చాపుకుని కూలబడ్డాడు. మైకులో ఎక్కిళ్ళు పెట్టాడు. ముక్కు చీదాడు. వచ్చినవాళ్ళెవరో చూడ్డానికి కొంగు తొలగించి ఒంటికన్నుతో జనంలోకి తొంగిచూశాడు. ఆ తర్వాత గొంతు పైకెత్తి, "కూరలో ఉప్పు లేదన్నావు కదా మావో..." అని అందుకున్నాడు.

కనకమ్మకు మొదట అర్థం కాలేదు. తన గొంతు తనకు అంత దూరం నుంచి ఎలా వినపడుతోందా అని చూసింది. ఉప్పు మాట వచ్చిన ప్రతిసారీ స్టేడియమంతా గొల్లున నవ్వింది. గ్యాలరీ నుంచి ఈలలు, మళ్ళీ చెయ్యమని కేకలు. తిరుపతిరావు మళ్ళీ చేశాడు, ఈసారి డ్రమ్ము దరువుతో. మల్లయ్య చావుకు పదిహేను వేలమంది చప్పట్లు కొట్టారు.

కనకమ్మ తల తిప్పి నాగేశ్వరమ్మ ముఖంలోకి చూసింది. అమ్మగారు కోపంగా లేచి నిలబడతారని, పదవే ఇంటికి పోదామంటారని ఆశ. నాగేశ్వరమ్మ డొక్కలు పట్టుకుని నవ్వుతోంది. కళ్ళవెంట నీళ్ళు కారుతుంటే పైటతో తుడుచుకుంటోంది.

"ఓసి నీ ఇల్లు బంగారం గానూ! అచ్చం నువ్వేనే కనకమ్మా!"

తిరిగి వచ్చేటప్పుడు లారీలో మంగమ్మ అనే కూలిమనిషి ఆ రాగం తీసింది. తోటి కూలీలంతా విరగబడి నవ్వారు. మల్లయ్యను మోసినవాళ్ళు కూడా నవ్వారు. మర్నాటి నుంచి ఊళ్ళో ఎవరి కూరలో ఉప్పు తగ్గినా అదే రాగం. టీ కొట్టు దగ్గర అదే, చేలో సద్దిమూట విప్పితే అదే. కనకమ్మ చావు జరిగిన ఇళ్ళకు వెళ్ళడం మానేసింది. ఒంటరిగా మల్లయ్యను తలుచుకుని ఏడుద్దామన్నా, నోరు తెరిస్తే తిరుపతిరావు ఎక్కిళ్ళే వచ్చేవి. మొగుణ్ణి చెట్టు తీసుకుపోతే ఏడుపు మిగిలింది. ఇప్పుడు అదీ పోయింది.

కార్తీకమాసంలో నాగేశ్వరమ్మ నిద్రలోనే పోయింది. పొద్దున్నే శ్రీమన్నారాయణ గుడిసె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

"కనకమ్మా, మా అమ్మ నువ్వే ఏడవాలని నిన్న కూడా అంది. కాదనకే."

"వస్తానయ్యగారూ. ఎందుకు రానూ?" అంది కనకమ్మ.

చచ్చినావిడ మీద పగేంటని మీరనొచ్చు. తిరుపతిరావుకు నవ్వించడం కూలి. శ్రీమన్నారాయణ మంచివాడని ఆమె ఏనాడూ అనుకోలేదు. అన్నం పెట్టిన చెయ్యే నవ్వుతూ డొక్కలు పట్టుకుంది చూడండి, అదే ఆమెను నిలువునా కాల్చింది. దారి పొడుగునా ఆమె కన్ను తడవలేదు.

వాకిలంతా చుట్టాలు. నూజివీడు నుంచి, ఉంగుటూరు నుంచి కార్లలో వచ్చినవాళ్ళు. కనకమ్మ శవం కాళ్ళ దగ్గర కూర్చుంది. కాళ్ళు బారచాపింది. ఒక ఎక్కిలి పెట్టింది. శబ్దం వచ్చేలా ముక్కు చీదింది. కొంగు తొలగించి ఒంటికన్నుతో చుట్టాలవైపు తొంగిచూసింది.

"మోకాళ్ళకు నూనె రాయమన్నావు కదా తల్లో! నూనె కాచేలోపే ఎల్లిపోతివి కదా తల్లో! మోకాలెక్కడ పెట్టావు తల్లో!"

ఎవరో కిసుక్కుమన్నారు. కోడలు పైట నోట్లో కుక్కుకుంది. మంగమ్మ గోడవైపు తిరిగిపోయింది. ఆ పైన ఎవరి తరమూ కాలేదు. పాడె కడుతున్నవాళ్ళు వెదుళ్ళు వదిలేసి నవ్వారు. తల్లి తల దగ్గర నిలబడ్డ శ్రీమన్నారాయణ "ఆపవే!" అని అరవబోయాడు. అరుపు సగంలో అతనికీ నవ్వొచ్చి, రెండు చేతుల్తో ముఖం కప్పుకున్నాడు.

సరిపోయింది అనుకుంది కనకమ్మ. లేచి వెళ్ళిపోదామని నేలకు చెయ్యి ఆనించింది. అప్పుడు కనపడింది నాగేశ్వరమ్మ కుడిచెయ్యి. పొట్టమీద పెట్టినది జారి చాప మీద పడి ఉంది, వేళ్ళు ముద్ద కలుపుతున్నట్టు కొద్దిగా ముడుచుకుని. నెలల తరబడి రాని ఏడుపు, తన సొంత ఏడుపు, ఒక్కసారిగా గొంతులోకి వచ్చింది. ఆ చెయ్యి పట్టుకుని మొహానికి ఆనించుకుంది.

"తప్పు చేశానమ్మో! నాకు అన్నం పెట్టిన చెయ్యమ్మో! ఆ రోజు ఉప్పేసి కలిపి పెట్టావు కదమ్మో..."

"ఉప్పు మాటొచ్చిందర్రా!" అని అరిచారెవరో వెనకనుంచి.

వాకిలి దద్దరిల్లింది. ఇందాకటి నవ్వు దీని ముందు ఎందుకూ పనికిరాదు. ముసలివాళ్ళు స్తంభాలు పట్టుకుని నవ్వారు. "కాదండీ, నిజంగానే ఏడుస్తున్నానండీ, నమ్మండీ," అని కనకమ్మ వాళ్ళవైపు తిరిగి చేతులు జోడించింది. దానికి ఇంకా నవ్వారు. శవాన్ని లేపేదాకా ఆమె ఏడుస్తూనే ఉంది, వాళ్ళు నవ్వుతూనే ఉన్నారు.