రైక మీద పట్టుగూడు

నవనీతకు రోజూ మల్బరీ తోటలోనే తెల్లారేది. పుంగనూరు దగ్గర పల్లె వాళ్లది. పొద్దు పొడవకముందే ఆకు కోసి మూట కట్టి, పట్టుపురుగుల షెడ్డుకు తెచ్చి, తరిగి తట్టల్లో చల్లేది. పురుగులు పండి గూళ్లు కట్టినాక, భర్త రంగప్ప వాటిని మదనపల్లెకు తీసుకుపోయి అమ్మేవాడు.

ఆ ఇంటి పురుగులకు ఒక అలవాటుండేది. ఎక్కడ చెడు ఉంటే అక్కడికి పాకిపోయి గూడు కట్టేవి. మామ పాపన్న బతికుండగా ఆయన కుడి మోకాలి మీద కట్టాయి. ఆ ఏడే ఆ మోకాలు పట్టేసింది. షెడ్డు దూలం మీద కడితే రంగప్ప దూలం దించి చూశాడు, లోపలంతా చెదలు. దాన్నెవరూ వింతగా చెప్పుకోలేదు. గూడు ఒలిచి బుట్టలో వేసి, ఏది చెడిందో చూసుకునేవాళ్లు.

తొంభై ఎనిమిదిలో, వానలు మొదలయ్యే ముందు, నవనీత మధ్యాహ్నం షెడ్డు అరుగు మీద కాసేపు నడుము వాల్చింది. లేచేసరికి రైక మీద, కుడి రొమ్ము పక్కన, తెల్లటి గూడు. ఒలిచి బుట్టలో వేసింది. మర్నాడూ అక్కడే కట్టింది. ఒళ్లంతా బాగానే ఉంది, ముప్పై ఆరేళ్లు దాటలేదు, ఎక్కడా నొప్పి లేదు. పురుగులు కూడా పొరపాటు పడతాయేమో అనుకుంది. పంట చేతికొచ్చే రోజులు, ఆలోచించే తీరిక కూడా లేదు.

ఆమెకు మజ్జిగ ఇద్దామని షెడ్డు గడప దాకా వచ్చిన అత్త సిద్ధమ్మ ఆ గూడు చూసి అట్లే గడపలో కూలబడింది.

"ఎన్నాళ్లనించి కడతాండాయి?"

"మొన్నటినించి. ఏమీ లేదులే అత్తా. నొప్పి గూడా లేదు."

సిద్ధమ్మ లేచి కోడల్ని ఇంట్లోకి తీసుకుపోయింది. తలుపు గడియ పెట్టింది. కోడలి ఎదుట కూడా కొంగు జారనివ్వని మనిషి, కొంగు తీసి రైక ముడి విప్పింది.

నవనీత వెనక్కి జరిగి గోడకు ఆనుకుపోయింది. అత్త ఎడమ రొమ్ము గట్టిపడి ఒక పక్కకు లాక్కుపోయి ఉంది. చర్మం కమలా తొక్కలా గుంటలు పడింది. చనుమొన లోపలికి పోయింది. దాని పక్కనే పుండు, దాని మీద పసుపు అద్దిన గుడ్డ పీలిక. ఒకే ఇంట్లో, ఒకే పొయ్యి దగ్గర ఉంటూ తనకిది తెలియలేదు.

"నాకూ మొదట్లో నొప్పి లేదమ్మా," అనింది సిద్ధమ్మ. "రైక మీద గూళ్లు కడతాంటే సిగ్గయి షెడ్డులోకి రావడమే మానుకుంటి. కొడుక్కి యాడ సెప్పేది ఇట్లాంటిది? పుండయినాక సెప్పేదానికి భయమాయె. నువ్వు రేపే పో."

అప్పుడే తన వేళ్లతో కోడలి రొమ్ము తడిమింది. నానిన శనగ గింజంత గడ్డ తగిలింది. గట్టిగా ఉంది, జారిపోవడం లేదు.

రంగప్పకు చెబితే తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని కూర్చుండిపోయాడు. మర్నాడు ఇద్దర్నీ మదనపల్లె డాక్టరమ్మ దగ్గరికి తీసుకుపోయాడు. ఆమె చూసి వెల్లూరుకు పంపింది. అక్కడ రొమ్ముకు ఎక్స్-రే తీశారు, గడ్డలోకి సన్నటి సూది పెట్టి, తీసింది పరీక్షకు పంపారు. ఇద్దరిదీ క్యాన్సరే అన్నారు.

నొప్పే లేదు గదా, ఇంకోసారి చూడండని నవనీత అక్కడి డాక్టరును బతిమాలింది. ఈ గడ్డ మొదట్లో నొప్పి పెట్టదని, అందుకే ఆడవాళ్లు ఆలస్యంగా వస్తారని ఆయన చెప్పాడు. ఆమెది ఇంకా చంకలోకి పాకలేదు, బతికే దారి బాగా ఉందన్నాడు. సిద్ధమ్మది ఎముకలకు చేరిందని చెప్పడానికి రంగప్పను పక్కకు పిలిచాడు. సిద్ధమ్మ కూతురు మునీశ్వరిని, రక్తసంబంధం కాబట్టి, తప్పకుండా పరీక్ష చేయించుకోమని చెప్పమన్నాడు.

నవనీతకు ఆపరేషను చేసి రొమ్ము తీసేశారు. తర్వాత క్యాన్సరు మందు సూదులకు జుట్టంతా ఊడిపోయింది. వాంతులతో పడి ఉన్న కోడలికి, తన నొప్పి పంటి బిగువున ఓర్చుకుని సిద్ధమ్మే గంజి తాపేది. ఆ చలికాలం దాటలేదు సిద్ధమ్మ.

కర్మ అయిపోయినాక కుప్పం నుంచి వచ్చిన మునీశ్వరిని నవనీత గదిలోకి పిలిచింది. నెల నెలా బయటున్న రోజులు అయిపోయినాక, చెయ్యి పైకెత్తి, మూడు వేళ్లు పరిచి, రొమ్ము చుట్టూ, చంక దాకా నొక్కి చూసుకోవాలని చెప్పింది. ఏ మార్పు కనబడినా ఆగకుండా డాక్టరు దగ్గరికి పోవాలని చెప్పింది. నాకేమీ లేదని మునీశ్వరి తప్పించుకోబోతే, తన పైట తీసి కుట్ల మచ్చ చూపించింది.

మునీశ్వరి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"మా అమ్మని యాల సూడకపోతివొదినా?"

నవనీత పైట సర్దుకుంది.

"ఆయమ్మ ఎవరినీ సూడనీలేదు," అనింది. "నన్ను మాత్రం సూసింది."

మునీశ్వరి కళ్లు తుడుచుకుని చెయ్యి పైకెత్తింది.