పొడుగు ఈల

పొడుగు ఈల.

అది చెవుల్లో కాదు, ముందు మోకాళ్ళలో మోగుతుంది. మోకాళ్ళు బిగుసుకుంటాయి. నోట్లో ముద్ద నోట్లోనే ఆగుతుంది. జడలో దువ్వెన జడలోనే ఆగుతుంది.

నాన్న డ్రిల్లు మాస్టారు. బడిలో ఆరువందల మంది పిల్లల్ని ఒక్క ఊపిరితో నిలబెడతాడు. ఇంట్లో మేం ముగ్గురమే — అమ్మ, నేను, తమ్ముడు. ఊపిరి మాత్రం తగ్గించేవాడు కాదు.

పొడుగు ఈలకు ఉన్నచోటే ఆగాలి. రెండు పొట్టి ఈలలకు పరుగెత్తుకుని రావాలి. ఆ రెండింటి మధ్యలో నోటితో పిలుస్తాడు. "రండి, ఏం ఫర్వాలేదు, రండి" అంటాడు, ఎంతో ప్రేమగా. వెళ్ళామా, బెల్టు.

"గొంతును నమ్మకండి. ఈలను నమ్మండి."

అదీ పాఠం. అన్నానికీ అదే, నిద్రకూ అదే. పిడుగుకీ బియ్యానికీ ఒకే మంత్రం. తమ్ముడికి ఏడేళ్ళు. వాడికి ఆ పాఠం ఇంకా పూర్తిగా రాలేదు.

సెలవుల్లో ఊళ్ళు చూడటానికి బయల్దేరాం. పొద్దున కోట, మధ్యాహ్నం ఏరు, సాయంత్రం పట్నం. నాన్న కాగితం మీద గడులు గీసి రాశాడు. "ఆనందం" అని కూడా ఒక గడి ఉంది. పన్నెండు నుంచి ఒంటిగంట దాకా.

కోట...

ఎండకు రాళ్ళు వాసనేస్తున్నాయి. గైడు ముసలాయన, నవ్వుతూ చూపించాడు. "ఈ గుమ్మంలో అన్నను తమ్ముడు నరికాడండీ. ఆ పక్క గుమ్మంలో ఆ తమ్ముణ్ణి సొంత కొడుకు నరికాడు. చాలా అన్యోన్యమైన కుటుంబం."

అందరూ నవ్వారు. అమ్మ నవ్వలేదు.

తమ్ముడు ఫిరంగి ఎక్కాడు. ఈల మోగింది. వాడు ఆగాడు. ఇనుము కాలిపోతోంది. తొడలు చురుక్కుమన్నాయి. కిందికి జారాడు... అంతే.

నాన్న చెయ్యి.

ఒకసారి. ఇంకోసారి. పెదవి చిట్లింది. పన్నొకటి రాతి మీద పడింది. పాలపన్నే, ఎలాగూ ఊడాల్సిందే. కానీ ఊడాల్సింది అలా కాదు. నెత్తురు వాడి గడ్డం మీంచి కారుతుంటే, జనం మాత్రం గుమ్మం మీది రాజుల కత్తివేట్లను వేలు పెట్టి తడిమి చూస్తున్నారు.

అప్పుడు అమ్మ కదిలింది. నోట్లో నాలుక లేని మనిషి అని ఊరంతా మెచ్చుకునే అమ్మ. నాన్న మెడలో ఈల తాడు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. తాడు తెగింది. ఈలను బురుజు మీంచి విసిరేసింది. అది ఎండలో ఒకసారి మెరిసి కందకంలో పడింది.

నాకు చప్పట్లు కొట్టాలనిపించింది. కొట్టలేదు.

కారు వెనక అమ్మను కొట్టాడు నాన్న. మేం అద్దాలెక్కించుకుని లోపల కూర్చున్నాం. కారు ఊగింది. ఆగింది. మళ్ళీ ఊగింది. తమ్ముడు రుమాలు నోట్లో కుక్కుకున్నాడు.

నాన్న వచ్చి తాళం తిప్పాడు. "పట్నంలో ఇంకోటి కొంటాను. కావాలంటే వంద దొరుకుతాయి" అన్నాడు. పాటలు పెట్టాడు.

సాయంత్రం దాకా నాన్న మెడలో ఈల లేదు. నా జన్మలో అలాంటి పూట అదే మొదటిది.

ఏరు...

పలచటి నీళ్ళు. కింద గులకరాళ్ళు లెక్కపెట్టేంత తేట. అమ్మ వాచిన చెంప మీద నీళ్ళు చల్లుకుంది. మళ్ళీ చల్లుకుంది. మా మీద కూడా చల్లింది. తమ్ముడు పన్ను లేని నోటితో నవ్వాడు. నాన్న గట్టు మీద కూర్చుని తిండి పొట్లాలు విప్పుతున్నాడు. మాతో పాటు ముప్పై మంది దాకా ఉన్నారు ఏట్లో.

ఎగువన ఎక్కడో ఆనకట్ట తలుపులు ఎత్తారు. గట్టు మీది కాపలావాడు ఈల తీశాడు.

పొడుగు ఈల.

జనం పరుగెత్తారు. చెప్పులు వదిలేశారు, సంచులు వదిలేశారు, ఒకర్నొకరు తోసుకుంటూ గట్టెక్కారు. ఏట్లో ముగ్గురం మిగిలాం, పాతిన గుంజల్లా. తమ్ముడి చేతులు పైకెత్తి ఉన్నాయి. నా మీద చల్లబోయిన నీళ్ళు వాడి వేళ్ళ సందుల్లోంచి కారిపోతున్నాయి.

అది నాన్న ఈల కాదు. నాన్న ఈల కందకంలో ఉంది. తలకు తెలుసు... మోకాళ్ళకు తెలియదు.

"రండి" అని అరిచాడు నాన్న. "రండర్రా, పరుగెత్తండి."

గొంతు. గొంతును నమ్మకూడదు.

నాన్న మెడ తడుముకున్నాడు. అక్కడ ఏమీ లేదు. రెండు వేళ్ళు నోట్లో పెట్టి ఊదాడు. గాలి వచ్చింది. మళ్ళీ ఊదాడు. గాలే వచ్చింది. నాన్న మొహంలో భయం చూశాను. నిజం చెబుతున్నాను — నీళ్ళు నడుముకు వస్తున్నా సంతోషం వేసింది.

వరద మట్టికి నీళ్ళు ఎర్రబడ్డాయి. ఒక చెట్టుకొమ్మ గిరగిరా తిరుగుతూ వచ్చి అమ్మను తుంటి మీద కొట్టింది. అమ్మకు తెలివొచ్చింది.

"బంగారూ, నడువు" అంది తమ్ముడితో. వాడు నడవలేదు. చెయ్యి పట్టి లాగింది. వాడు ఇంకా బిగుసుకున్నాడు. పొద్దున కదిలినందుకే కదా పన్ను పోయింది.

"రెండు ఈలలు రాలేదు" అన్నాడు.

అమ్మ కొట్టింది.

దోమను కూడా చంపకుండా తోలే అమ్మ, చెయ్యి వెనక్కి తీసి, ఉన్న బలమంతా పెట్టి, ఆ చిట్లిన పెదవి మీదే కొట్టింది. మళ్ళీ కొట్టింది. నన్నూ కొట్టింది.

మోకాళ్ళకు అర్థమైంది.

పరుగెత్తాం. పడ్డాం, లేచాం. గట్టు రాళ్ళకు మోచేతులు చీరుకుపోయాయి. అమ్మ మమ్మల్ని జుట్టు పట్టి పైకి ఈడ్చింది. వెనక్కి తిరిగి చూస్తే, మేం నిలబడ్డ చోట దుంగలు దొర్లుతున్నాయి.

నాన్న రొప్పుతూ నిలబడ్డాడు. తరవాత... నవ్వాడు.

"చూశావా? కొడితేనే వింటారు. నేను చెబితే నమ్మావు కాదు" అన్నాడు అమ్మతో.

పట్నం దాకా అమ్మ కుడి చేతిని ఒళ్ళో పెట్టుకుని చూసుకుంటూ కూర్చుంది. ఒకసారి తమ్ముడికి నీళ్ళసీసా ఇవ్వబోయింది. వాడి తల చటుక్కున పక్కకు తప్పుకుంది. అమ్మ చూసింది. నేనూ చూశాను. నాన్నను అసహ్యించుకోవడం నాకు అలవాటే. కానీ అప్పుడు వచ్చిన కోపం నాన్న మీద కూడా కాదు. ఎవరి మీదో తెలియక, గోళ్ళతో సీటు గీకుతూ కూర్చున్నాను.

పట్నం...

దీపాలు, హారన్లు. మూలమీద ఆటసామాన్ల కొట్టు. కొట్టాయన మర్యాదస్తుడు. ఒక ఈల తీసి, గుడ్డతో తుడిచి, "చప్పుడు చూడండి మాస్టారూ" అని ఊదాడు.

పొడుగు ఈల.

నేను ఆగాను. తమ్ముడు ఆగాడు.

అమ్మ ఆగలేదు.

గుమ్మం దాటింది. మెట్లు దిగింది. అలా జనంలో పడి పోతుందేమో అనుకున్నాను. పోలేదు. వెనక్కి తిరిగి చెయ్యి చాపింది. కుడి చెయ్యే.

"రండి" అంది.

నాన్న కొత్త ఈలకు తాడు కడుతున్నాడు, తల వంచుకుని. ముడి పడేదాకా తలెత్తడు. మాకు ఉన్న వ్యవధి అంతే.

తమ్ముడి చెయ్యి పట్టుకున్నాను. చల్లగా ఉంది. వాడు అమ్మ మొహం చూడటం లేదు, ఆ చేతినే చూస్తున్నాడు.

"అక్కా" అన్నాడు మెల్లగా. "అది గొంతే కదా?"

అమ్మ ఇంకా చెయ్యి చాపే ఉంది. నా మోకాళ్ళలో ఇంకా మోగుతూనే ఉంది...