కనపడని కోత

వేటపాలెం జీడిపప్పు కార్ఖానాలో నస్రత్‌ది కటింగ్ మిషను పని. గింజను రెండు బ్లేళ్ళ నడుమ నిలబెట్టి కుడికాలితో పెడలు తొక్కితే పెంకు విచ్చుకుంటుంది. లోపల పప్పు విరక్కూడదు. పెళ్ళయి ఈ ఊరొచ్చిన దగ్గర్నుంచీ ఆమె చేస్తున్నది అదే. ఈమధ్య కుడికాలి బొటనవేలు పక్కవేళ్ళ మీదికి వాలిపోయి, దాని మొదట్లో ఎముక గడ్డలా తేలింది. పెడలు తొక్కిన ప్రతిసారీ నొప్పి మోకాలిదాకా పాకేది. చెప్పు పట్టేది కాదు. దుప్పటి తగిలినా ఓర్చుకోలేకపోయేది.

భర్త బుడే ఆటో నడుపుతాడు. ఒక పొద్దున ఆమె మంచం దిగలేక గోడ పట్టుకుని ఏడుస్తుంటే చూడలేక గుంటూరు తీసుకెళ్ళాడు. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, "పెద్దగా కొయ్యక్కర్లేదమ్మా. చిన్న రంధ్రాలు చేసి, వాటిలోంచే ఎముక కోసి, సరిచేసి స్క్రూలు వేస్తాం" అన్నాడు. నస్రత్‌కు ప్రాణం లేచొచ్చింది.

ఆపరేషన్ అయ్యాక ఆయన మొగుడూ పెళ్ళాలిద్దర్నీ కూర్చోబెట్టి చెప్పాడు.

"పైన గాయం చిన్నదే. లోపల ఎముక తెగి ఉంది, అది మరిచిపోవద్దు. ఈ గట్టి చెప్పు వేసుకుని మడమ మీద ఇంట్లో మెల్లగా నడవొచ్చు. నెలన్నర దాకా వేళ్ళ మీద బరువు పడకూడదు. పెడలు మాటే ఎత్తొద్దు."

బుడే తలూపాడు.

కట్టు విప్పి పంపిన రోజు అత్త జానీబీ కళ్ళద్దాలు పెట్టుకుని ఆ పాదాన్ని తిప్పితిప్పి చూసింది. బొటనవేలు పక్కన చీమలు కుట్టినట్టు ఎర్రటి మచ్చలు, అంతే.

"ఇదా ఆపరేషను? నా పొట్ట కోసి వీణ్ణి బయటికి తీశారు. పచ్చి ఆరకముందే మిరపకోతకి పోయాను. ఈవిడకి దీనికి నెలన్నర మంచమంట!"

"లోపల ఎముక కోశారత్తా."

"తోలు తెగకుండా ఎముక తెగుద్దా? ఎవరికి చెప్తావే!"

నస్రత్ భర్త వైపు చూసింది. అతను ఫోను చూసుకుంటూ బయటికి నడిచాడు.

తర్వాత కార్ఖానా మేస్త్రి వెంకటేశ్వరమ్మ వచ్చింది. ఆమె కూడా ముందు పాదమే చూసింది.

"బానే ఉందిగా నస్రతూ, వాపు కూడా లేదు. ఆర్డర్లు మీదపడ్డాయి. నీ మిషను దగ్గర ఇంకోళ్ళని కూర్చోబెట్టమంటున్నాడు ఓనరు. ఒకసారి కూర్చోబెడితే ఇక లేపటం నా చేతిలో లేదు."

"ఎముక ఇంకా అతకలేదక్కా. తొక్కొద్దన్నాడు డాక్టరు."

"పోనీ ఎడమకాలితో తొక్కు."

నస్రత్ తన కాలిని తనే చూసుకుంది. చూపించడానికి ఏమీ లేదు. ఇంతమంది ఒకే మాట అంటుంటే తనే గోరంత దాన్ని కొండంత చేస్తోందేమోనని అనుమానం పట్టుకుంది. మర్నాడు ఎవరూ పొమ్మనకుండానే పనికి బయల్దేరింది. బుడేనే ఆటోలో దించాడు.

ఎడమకాలు చెప్పినట్టు వినలేదు. చెయ్యి ముందు, కాలు వెనక. పప్పు బద్దలు బద్దలుగా విరిగి పడుతోంది. వెంకటేశ్వరమ్మ రెండుసార్లు వచ్చి బద్దలు చేత్తో కెలికి చూసి వెళ్ళింది. మూడోసారి ఆమె వస్తుంటే నస్రత్ గట్టి చెప్పు విడిచి, కుడికాలు పెడలు మీద పెట్టింది. కాసేపు పని సాఫీగానే సాగింది. తర్వాత పాదంలో ఏదో పుటుక్కుమంది. కళ్ళు బైర్లు కమ్మి, గింజల గంప మీదికి ఒరిగిపోయింది.

"స్క్రూ ఎముకను చీల్చుకుని కదిలిపోయింది" అన్నాడు గుంటూరు డాక్టరు. ఆయన తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించింది ఆమెకు. "ఈసారి తెరిచి ప్లేటు వెయ్యక తప్పదు. వేలు మునుపటిలా వంగుతుందని చెప్పలేను."

ఈసారి కట్టు మార్చినప్పుడు పాదం పొడుగునా నల్లటి కుట్లు కనిపించాయి. జానీబీ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని, "అమ్మో, ఇంత కోశారా" అని కూలబడింది. ఆ రోజునుంచి కోడల్ని మంచం దిగనివ్వలేదు. ఇరుగుపొరుగు చారు గిన్నెలు పట్టుకొచ్చారు. వెంకటేశ్వరమ్మ వచ్చి కళ్ళు తుడుచుకుంది. "అంత కష్టంగా ఉంటే అప్పుడే చెప్పకూడదా?"

"చెప్పానక్కా" అంది నస్రత్.

వాళ్ళంతా వెళ్ళాక బుడే ఆమె కాలి కింద దిండు సర్దబోయాడు. ఆమె కాలు వెనక్కి లాక్కుంది.

"వాళ్ళకి తెలీదు. నువ్వు విన్నావుగా. ఆ గదిలో నా పక్కనే కూర్చుని విన్నావు. ఒక్క మాట అనుంటే చాలుగా!"

బుడే దిండు మంచం చివర పెట్టాడు. "అమ్మ ముందు అనలేకపోయాను" అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి వెక్కివెక్కి ఏడ్చింది.

వేలు వంగలేదు. మిషను ఇంకొకామెకి పోయింది. ఇప్పుడు నస్రత్ పప్పుకి పొట్టు తీసేవాళ్ళతో కూర్చుంటోంది. పొద్దున్నే బుడే దింపుతాడు. కార్ఖానా గేటు దగ్గర ఆటో ఆపి అతను చెయ్యందిస్తాడు. ఒక్కోరోజు పట్టుకుంటుంది. ఒక్కోరోజు ఆటో కమ్మీ పట్టుకునే దిగుతుంది.