ఇంత జాగ, ఇంత బువ్వ

అరబ్బు దేశంలో, ఉమ్ సలాల్ తోటలో ఎండ నిప్పులు చెరుగుతోంది. మేకలు షెడ్డు నీడన నోళ్ళు తెరిచి రొప్పుతున్నాయి. ఖర్జూరపు గెలలకు వల సంచులు కట్టడం ఆపి, పోశన్న కూలర్ ఎదుట ఇనుపమంచం మీద నడుం వాల్చాడు. రెప్ప పడుతుండగా నర్సవ్వ వీడియో కాల్ చేసింది.

నర్సవ్వ అతని భార్య. ఇద్దరిదీ ఒకే అరబ్బు యజమాని దగ్గర పని. అతను తోటలో, ఆమె ఇంట్లో. ఈ ఎండలకు తాళలేని తన ముసలి తల్లిని యజమాని ఇంగ్లండులో ఓ పల్లెకు తీసుకెళ్ళాడు. పెద్ద మేడంకు తోడుగా నర్సవ్వ వెళ్ళింది.

"ఏమయ్యా, ఆగమైనం" అంది నర్సవ్వ.

యజమాని వాళ్ళను ముందే మాట్లాడుకున్న బస దగ్గర దింపి, పని మీద కారులో పట్నం పోయాడు. తీరా లోపలికి వెళ్తే వానకు కప్పు కారి పరుపులన్నీ తడిసి ముద్దయ్యాయి. వేరే గది లేదు. యజమాని ఫోను కలవడం లేదు. పెట్టెలు అక్కడే ఉంచి, పెద్ద మేడం చెయ్యి పట్టుకుని నర్సవ్వ బయటపడింది.

"ఎటు వోవాలె? నాకు భాష గూడ రాకపాయె."

"నాకు మాత్రం ఎరుకనా? ఫోన్ బంజెయ్యకు. ముంగటికి వట్టుకో, ఇద్దరం నడుద్దాం" అన్నాడు పోశన్న.

అరచేతిలో సన్నటి బాట తెరుచుకుంది. అటూ ఇటూ నాచు పట్టిన రాతిగోడలు. గోడల వెనక తడిసిన గొర్రెలు మేత మాని చూస్తున్నాయి. వాన పడుతోందా, గాలే తడిగా ఉందా తెలియడం లేదు. పోశన్న ఒంటి మీది చెమట చల్లబడినట్టయింది. కూలర్ చప్పుడు వాగు చప్పుడైంది. తన చెప్పుల కింద బురద మెత్తగా దిగబడుతోందనిపించి కాళ్ళు దగ్గరకు ముడుచుకున్నాడు.

ఓ హోటల్ కనిపించింది. లోపలి మనిషి గడియారం చూపించి తల అడ్డంగా ఊపాడు. పొయ్యి మళ్ళీ సాయంత్రమే అంటిస్తారట. ఇంకొంచెం దూరంలో ఓ గేటుకు మంచం బొమ్మ గీసిన పలక ఉంది. ఎంత తట్టినా కుక్క మొరిగింది తప్ప మనిషి పలకలేదు. పెద్ద మేడం గోడ మీద చతికిలబడి, "ఖలాస్" అంది. ఇక నడవలేనని.

"గా ఇంటెన్క ఎవరో ఉన్నరు, సూడు" అన్నాడు పోశన్న.

పెరట్లో ఒకావిడ చిక్కుడుకాయలు కోస్తోంది. నర్సవ్వ ఆమె ముందు నిలబడి చెంప కింద చెయ్యి పెట్టుకుని కళ్ళు మూసింది. తర్వాత అయిదు వేళ్ళూ నోటి దగ్గరకు తెచ్చింది. ఆవిడ ముసలామెను చూసింది, వానను చూసింది, తలుపు బార్లా తీసింది.

మేడ మీద గది. కింద వంటింట్లో వేడివేడి ఆలుగడ్డ చారు. పెద్ద మేడం ఓ చెంచా తాగి మొహం ముడిచింది. నర్సవ్వ కొంగుముడి విప్పి ఇంత కారప్పొడి చల్లింది. రెండో గిన్నె అడిగి మరీ తాగింది పెద్దామె. ఇంటావిడ కూడా రవ్వంత వేసుకుని, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. పోశన్న ఆ నవ్వు వింటూ నిద్రపోయాడు.

సాయంత్రం ఫోను కలిశాక యజమాని పరుగున వచ్చి పెద్ద హోటల్‌కు పోదామంటే, తల్లి కదలనంది. నెలంతా అక్కడే ఉన్నారు. రోజూ మధ్యాహ్నం నర్సవ్వ ఫోన్ చేసేది. ఇద్దరూ ఆ బాట వెంట నడిచేవారు.

తిరిగొచ్చాక నర్సవ్వ తోటలో నలుగురినీ కూచోబెట్టి ఆ ఊరి ముచ్చట చెప్పింది. "గోడ దాటినంక కుడిదిక్కు..."

"కుడిదిక్కు గాదు. ఎడమకు వోతే వాగు" అన్నాడు పోశన్న.

"నువ్వు వోయొచ్చినట్టే జెప్తున్నవ్!"

పోశన్న ఆ వాగు నీళ్ళు ఎంత చల్లగా ఉండేవో గుర్తు చేసుకుంటున్నాడు.