తమలపాకు కింద ఊపిరి

ఆ ఏడు వానలు ఆలస్యంగా వచ్చి, వచ్చాక వదల్లేదు. పరిగికి దగ్గరలో ఉన్న ఆ ఊళ్లో దగ్గు వినపడని ఇల్లు లేదు. పొద్దున్నే అంజినమ్మ ఇంటి అరుగు మీద చెంబులు, గ్లాసులు వచ్చి చేరేవి. శొంఠి, మిరియాలు, ధనియాలు దంచి, తులసాకు వేసి, నీళ్లు సగానికి మరిగించి, చివర్లో బెల్లం ముక్క వేసి ఆమె కషాయం కాచేది. తాగిన వాళ్లకు చెమట పట్టేది, గొంతు వదులయ్యేది. తగ్గని వాళ్ల దగ్గర ఆమెకు మొహమాటం లేదు. "నా కషాయం జలుబుకబ్బా, నీ మొండితనానికి గాదు. పో హిందూపురానికి" అని తరిమేసేది.

ఆ ఇంటి కోడలు సుకన్య. ఆమె కూతురికి ఇంకా పాకడం రాలేదు. రెండు రోజులుగా పాపకు ముక్కు కారుతోంది. ఆ రోజు పొద్దున అంజినమ్మ వామాకును పెనం మీద వెచ్చజేసి, పిండి, ఆ పసరును చనుబాలలో కలిపి పాప నోట్లో పోసింది. తమలపాకులకు ఆముదం రాసి, దీపం సెగకు చూపి, పాప రొమ్ముకు అతికించింది. వాము వేయించి చిన్న మూట కట్టి పక్కన పెట్టింది. తలకు కుళ్లాయి పెట్టి, పాత చీర ముక్కలో మెడ దాకా చుట్టేసింది.

"పసరు పోసినా. పొద్దు గుంకేదాకా ఇంగో మందు నోట్లో పడగూడదు. మందు మీద మందు పడితే బిడ్డ తట్టుకోలేదు" అంది.

అది సుకన్యకు కొత్త మాటేం కాదు. పెనుకొండ దగ్గర ఆమె పుట్టింట్లో కూడా అదే కట్టుబాటు. పసరు తాగిన రోజు జ్వరం బిళ్ల కూడా మింగరు.

ఆమెను భయపెట్టింది వేరే. పాప పాలు తాగడం లేదు. రొమ్ము అందుకుని, కాసింత లాగి వదిలేస్తోంది. వదిలేసి ఏడవడం లేదు. నిన్నటిదాకా ఆకలేస్తే వీధి చివరికి వినపడేలా ఏడ్చిన పిల్ల, ఇప్పుడు ఊరికే చూస్తోంది. రాత్రంతా వినపడిన గురగుర కూడా ఆగిపోయింది.

"సూసినావా, గురగుర తగ్గిపాయె" అంది అంజినమ్మ సంతోషంగా.

సుకన్య భర్త గణేష్‌కు ఫోన్ చేసింది. హిందూపురం దగ్గర అతను పనిచేసే కంపెనీలో ఫోన్లు గేటు దగ్గరే తీసి పెట్టుకుంటారు. మోగి మోగి ఆగిపోయింది. మళ్లీ చేసింది.

పాప పక్కన కూర్చుని చూస్తూ ఉంది. గుడ్డలోంచి ముఖం ఒక్కటే కనిపిస్తోంది. ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్కుపుటాలు విచ్చుకుంటున్నాయి.

"అత్తా, ముక్కు ఎగరేస్తాండాది."

"దిబ్బడేసింటే అట్లే ఉంటాది. నీ మొగుడు చిన్నప్పుడు హిందూపురం రైలు మాదిరి కూసేవోడు. బతికి నిన్ను చేసుకోలేదా?"

అంజినమ్మ రోటి దగ్గరికి వెళ్లిపోయింది. పక్క వీధి వాళ్లు కషాయం అడిగి పోయారు.

సుకన్య చేతులు కాసేపు గుడ్డ ముడి మీదే ఆగాయి. విప్పితే చలిగాలి తగులుతుంది. తగిలితే జలుబు ముదిరిందని ఇంట్లో మాట పడాలి. అయినా విప్పింది.

ఆముదంతో అతుక్కున్న ఆకులు రొమ్ము మీద మెరుస్తున్నాయి. వాటి కింది కొనలు పక్కటెముకల అంచు దాకా వచ్చాయి. పాప ఊపిరి తీసుకున్నప్పుడు ఆ కొనలు పైకి లేవాలి. కానీ లోపలికి దిగబడుతున్నాయి. ఊపిరి వదిలాక మళ్లీ పైకి వస్తున్నాయి. సుకన్య తన పొట్ట మీద చెయ్యి పెట్టుకుని గాలి పీల్చి చూసుకుంది. చెయ్యి పైకే లేచింది. ఆకు వాడి ముడుచుకుంటోందేమోనని మెల్లగా దాన్ని తీసేసింది. దాని కింద చర్మం కూడా అట్లాగే గుంటపడి లేస్తోంది.

"అత్తా, రవ్వంత ఇట్ల రా."

అంజినమ్మ చేతులు తుడుచుకుంటూ వచ్చి వంగింది. "ఎందుకిప్పినావు మే? గాలి తగిలితే?" అంటూ అరచేతిని పాప పొట్ట మీద ఆనించింది. "ఒళ్లు వెచ్చగానే ఉండాది గదా."

"డొక్కలెగరేస్తాండాదత్తా. ఆ ఆకు సూడు."

అంజినమ్మ ఆకు వైపు చూసింది. తర్వాత కోడలి వైపు చూసింది. "నాకు తెలీదా? పొద్దు గుంకనీ" అని మళ్లీ గుడ్డ చుట్టబోయింది.

అంతలో వాకిట్లోంచి గాజుల వ్యాపారం చేసే అజీజున్నీసా గొంతు వినపడింది. "అంజినక్కా! ఒక చెంబుడు కషాయం పొయ్యి. పంచాయతీ కొళాయికి నీళ్లు రావు గానీ మా ఆయన ముక్కు మాత్రం కట్టేసినా ఆగడంలా."

నవ్వుతూ లోపలికి వచ్చిన మనిషి సుకన్య ముఖం చూసి ఆగింది. వంగి పాపను చూసింది. చెంబు కింద పెట్టేసింది.

"అక్కా, పోయిన చలికాలం నా మనవడు ఇట్లే డొక్కలెగరేస్తాంటే నువ్వేం చేస్తివి? కషాయం పోస్తివా? నా రెక్క పట్టుకోని ఆటో ఎక్కియ్యలేదా?"

"ఆ పొద్దు వానికి పసరు పోసిండ్లేదు."

"పోసింటే? పొద్దు గుంకేదాకా కూసోబెట్టింటివా?"

అంజినమ్మ చేతిలో గుడ్డ కొన అట్లాగే ఉండిపోయింది.

సుకన్య అప్పటికే పాపను భుజానికి ఎత్తుకుంది. ఆ ఇంటికి వచ్చినప్పటి నుంచి అత్త మాటకు ఎదురు చెప్పింది లేదు. ఇప్పుడు కూడా గొంతు పైకి లేవలేదు.

"నేను పోతాండా అత్తా."

"మందు మీద మందు పడి బిడ్డకేమన్నా అయితే?"

"నామీద ఏస్కుంటా."

అజీజున్నీసా రోడ్డు మీదకు పరుగెత్తి ఆటోను ఆపింది. ఎక్కి ఉన్న ఇద్దరు విషయం విని దిగిపోయారు. ఆటో కదలబోతుంటే అంజినమ్మ వచ్చి ఎక్కింది. కాళ్లకు చెప్పులు లేవు. చీర కొంగుకు ఇంకా మిరియాల పొడి అంటుకుని ఉంది.

దారంతా గుంతలు. గుంత వచ్చినప్పుడల్లా సుకన్య పాపను గుండెకు అదుముకునేది, అదిమితే ఊపిరి ఆడదేమోనని వెంటనే వదులు చేసేది. పాప పెదవుల చుట్టూ రంగు మారినట్టు అనిపించింది. అది నీడో, నిజమో ఆమెకు తెలియలేదు. ఊరి బయట మేకల మంద అడ్డం వచ్చింది. డ్రైవర్ హారన్ కొడుతూనే ఉన్నాడు. మేకలు వాటి తీరులో అవి నడిచాయి.

"ఊపిరుండాదా మే?" అని అడిగింది అంజినమ్మ.

"ఉండాది."

కాసేపటికి మళ్లీ అదే అడిగింది.

హిందూపురం ఆస్పత్రిలో డాక్టరమ్మ పాప గుడ్డలు విప్పి ఒక్క చూపు చూసి, వెంటనే ఆక్సిజన్ పెట్టమంది. సన్నటి గొట్టం ముక్కుకు అతికించారు. "ఇంట్లో నోటికి ఏం పట్టారు?" అని నర్సు అడిగింది. అంజినమ్మ గోడ వైపు చూసింది. సుకన్య ఏదీ దాచకుండా చెప్పింది.

"ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరింది" అంది డాక్టరమ్మ. "ఇంత చిన్నపిల్లలకు పసర్లు పోయకండి. ఊపిరి ఇట్లా ఎగపోస్తుంటే దేనికోసమూ ఆగకండి."

"పొద్దున పసరు పోసినాం తల్లీ. మీ మందు దాని మీద పడొచ్చునా?" అని అడిగింది అంజినమ్మ.

"ఇప్పుడు పడకపోతేనే కష్టం, అవ్వా."

సూది వేసేటప్పుడు పాప ఏడ్చింది. బలం లేని ఏడుపే. అయినా ఆ ఏడుపు విన్నాక సుకన్య బల్ల మీద కూలబడింది. గణేష్ నుంచి ఫోన్ వచ్చింది. "యాడుండారు? ఏమైంది?" అన్నాడు. వార్డు పేరు చెప్పి పెట్టేసింది.

అంజినమ్మ మంచం పక్కన నేల మీద కూర్చుంది.

"ఆకు సూడమంటివే, నాకు కనపడలేదు మే" అంది. "కండ్లకు పొర అడ్డం పడతాండాది. శానా దినాలాయె. మొగాలు తెలుస్తాయి, సన్న కదలికలు తెలీవు. చేత్తో ముట్టి, చెవితో విని నెట్టుకొస్తాండా. చెప్తే ఇంగ నా అరుగు మీదికి ఎవరొస్తారు?"

సుకన్యకు కోపం వచ్చింది. అత్త చెప్పుల్లేని కాళ్లు చూశాక ఆ కోపం మాటల దాకా రాలేదు.

"ఇప్పుడు సూసి చెప్పు" అంది అంజినమ్మ. "డొక్క ఎట్లుండాది?"

సుకన్య లేచి పాప మీది గుడ్డ పక్కకు జరిపింది. ఒక ఊపిరి, ఇంకో ఊపిరి చూసింది. నిజం చెప్పాలా, అత్తకు ధైర్యం చెప్పాలా అని ఒక్క క్షణం తటపటాయించింది.

"ఇంకా లోపలికి పోతాండాదత్తా."

"పొద్దున ఉన్నంత ఉండాదా?"

"అంత లేదు. రవ్వంత తగ్గినట్టుండాది."

"తగ్గినట్టా, తగ్గిందా?"

"ఇంకా చెప్పలేను."

అంజినమ్మ తల ఊపింది. మంచం పట్టీ పట్టుకుని పాప ఉన్న వైపు ముఖం తిప్పింది.

"సరే, సూస్తానే ఉండు. ఎట్లుంటే అట్లే చెప్పు నాకు."

సుకన్య స్టూలు దగ్గరకు లాక్కుని కూర్చుని, మళ్లీ చూడటం మొదలుపెట్టింది.