ఏడుపు వద్దన్న ఇల్లు

మిల్కా అరచేత్తో గుండెలు బాదుకుంటూ శోకగీతంలో మరో చరణం ఎత్తుకుంది. నూనెగానుగ యజమాని శవం ముంగిట్లో పాడె మీద ఉంది. మిల్కా జుట్టు నిండా బూడిద, నడుముకి గోనెపట్ట. గొంతు బొంగురుపోయినా వీధి చివరిదాకా వినిపిస్తోంది.

చరణం అయ్యాక ఒక్క ఊపిరి సేపు ఆగాలి. ఆ ఖాళీలో రెండో గొంతు బదులు పలకాలి. తల్లి నేర్పిన పద్ధతి అది. అక్క పిలవాలి, చెల్లెలు పలకాలి. లుద్ద ఊళ్ళో ఎవరింట చావు జరిగినా శోకాలు పాడడానికి ఈ అక్కచెల్లెళ్ళకే కబురొచ్చేది. తమ తల్లికీ, మిల్కా భర్తకీ, ఆమె పురిట్లో పోగొట్టుకున్న బిడ్డకీ కూడా వాళ్ళిద్దరే పాడుకున్నారు. ఇప్పుడా ఖాళీని పిల్లనగ్రోవి వాడు నింపుతున్నాడు, అదీ శ్రుతి తప్పి.

చెల్లెలు కెజీయా, సిలువ మీద చచ్చి మళ్ళీ లేచాడనే నజరేయుడి మనుషుల్లో కలిసి ఈ పని మానేసింది. మరణం ఓడిపోయిందట, ఓడినదాని కోసం ఏడవడం దేనికట. ఆ మాట విన్ననాటి నుంచి మిల్కా ఆమె గడప తొక్కలేదు. బావి దగ్గర ఎదురుపడితే నిండిన కుండ అక్కడే ఒంపేసి ఇంటిదారి పట్టేది.

పాడె లేస్తుండగా కెజీయా కూతురు తిర్సా వచ్చి గోడ పక్కన నిలబడింది.

"పెద్దమ్మా, అమ్మకి బాలేదు. నిన్ను చూడాలంటోంది."

"మీ గురువుని పిలుచుకోండి. చావు నుంచి లేచొచ్చిన మనిషి, పక్క వీధికి రాలేడా?"

తిర్సా గోడ పక్క నుంచి కదల్లేదు. మిల్కా మొహం కూడా కడుక్కోకుండా ఆ పిల్ల కన్నా ముందే నడిచింది.

కెజీయా ఇంట్లో నజరేయుడి మనుషులైన నలుగురైదుగురు ఆడవాళ్ళు గోడకి ఆనుకుని కూర్చున్నారు. వాళ్ళ పెద్ద ఎల్యాకీము అద్దకం పనివాడు, మోచేతుల దాకా నీలిరంగు. మిల్కాని చూసి లేచి నిలబడ్డాడు.

"ముందే చెబుతున్నా. ఇక్కడ శోకాలు పెట్టొద్దు. కెజీయమ్మ కోరిక ఇది."

"బట్టలకి రంగులేసుకునేవాడివి, నా పని నాకు చెప్పకు."

కెజీయా కళ్ళు తెరిచింది. "వచ్చావా అక్కా. బూడిద కూడా కడుక్కోలేదు."

"నీకోసం మళ్ళీ పూసుకోవాలిగా."

కెజీయా నవ్వబోయి దగ్గింది. దగ్గు తగ్గాక, "నాకు పాడొద్దక్కా," అంది. "ఆయన్ని చంపారు, పాతిపెట్టారు. మూడో రోజు లేచాడు. నీడా కాదు, కలా కాదు. తన శిష్యుల ముందు కూర్చుని కాల్చిన చేప తిన్నాడు, చేతుల్లో గాయాలు చూపించాడు. చూసినవాళ్ళ నోటి వెంట నేనే విన్నా. ముందు ఆయన లేచాడు, వెనక మనం లేస్తాం."

"కొయ్యకి వేలాడదీశారంటే దేవుడు వదిలేసినవాడే. అమ్మ ఉంటే నీ చెంప పగలగొట్టేది."

"మన పాపాలు నెత్తినేసుకున్నాడు. అందుకే ఆ చావు."

"నా బిడ్డని మనిద్దరమే పాతిపెట్టాం. అది లేచిందా?"

"లేస్తుందక్కా."

"ఆ మాట మళ్ళీ అన్నావంటే వెళ్ళిపోతా," అంది మిల్కా. కానీ లేవలేదు. తడిగుడ్డ తీసుకుని చెల్లెలి పెదాలు తుడిచింది.

ఎండ గోడ దిగే వేళ, తిర్సా నీళ్ళకి వెళ్ళి వచ్చేలోపు, కెజీయా ఊపిరి ఆగింది. చెయ్యి మిల్కా చేతిలో ఉంది. కాసేపు ఆమె ఎవరికీ చెప్పలేదు.

తెలిశాక ఎల్యాకీము మెల్లగా కీర్తన అందుకున్నాడు, ఆడవాళ్ళు గొంతు కలిపారు. ఆ మొహాల్లోని నెమ్మది చూస్తే మిల్కాకి తన మీద ఎవరో ఉమ్మినట్టయింది. లేచి గుండె మీద చరిచింది.

"ఆపమ్మా. ఆమె అడిగిందదేగా," అన్నాడు ఎల్యాకీము.

"మూడో రోజు మీది. మీరే ఉంచుకోండి. ఈ రోజు నాది."

చరణం ఎత్తింది. చివర అలవాటుగా ఆగింది. ఎవరూ పలకలేదు. రెండో చరణం ఎత్తింది, మళ్ళీ ఆగింది. తిర్సా ముసుగు కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. కీర్తన తెగిపోయింది. ఎల్యాకీము కళ్ళు తుడుచుకుని, "నువ్వు ఆమెకి మేలు చెయ్యలేదు," అన్నాడు.

పొద్దుగూకకముందే ఊరి బయట సమాధిగా తొలిచిన రాతిగుహకి మోసుకెళ్ళారు. మిల్కా వాళ్ళతో కలవకుండా ఎడంగా నడిచింది. శవాన్ని అరుగు మీద పడుకోబెట్టాక, తిర్సా తల్లి చెప్పులు తెచ్చి, ముందు కొసలు గుహ ద్వారం వైపు తిప్పి పెట్టింది.

"అవి దేనికే?"

"లేచినప్పుడు రాళ్ళ మీద నడవాలిగా, పెద్దమ్మా."

"ఒళ్ళంతా నీరు పట్టి ఉబ్బిపోయింది. ఆ కాళ్ళకి ఇవెక్కడ పడతాయి?"

అందరూ బయటికి వచ్చినా మిల్కా లోపలే ఉండిపోయింది. వంగి, రెండు చెప్పుల పట్టీలూ వదులు చేసింది. తర్వాత బయటికొచ్చి వేరే దారిన పోయింది.

మగవాళ్ళు గుహ ద్వారానికి అడ్డంగా రాయి దొర్లించారు. లోపలికి పడే వెలుగు గీతలా సన్నబడి, మడమ దగ్గర అరిగిపోయి, పట్టీలు వదులైన ఆ చెప్పుల మీద ఆఖరిదాకా నిలిచింది.